గాజుకి అటు చివర

"కాలెత్తరా దూలం, గడప! ఎత్తావా? మహారాజువి. ఇక నెత్తి వంచు. పోయినసారి నువ్వు తగిలిస్తే ఆ గుమ్మానికే సొట్ట పడింది, పాపం. ఇప్పుడు ఎడమకి... ఇంకా ఎడమకి... అక్కడో పిల్లి పడుకుంది, దాని సంసారం దానిది, తొక్కకు. ఆ, చాలు. దింపు."

దూలం దింపాడు. నిలువెత్తు గాజు పలక నేల మీద పరిచిన గోనెపట్టాపై చప్పుడు లేకుండా కూర్చుంది.

గాజు కొట్టులో ఈ జంటని చూసి నవ్వనివాళ్ళు లేరు. ముందు నడిచేవాడు పొట్టి, పుల్లలా ఉంటాడు. నోరు మాత్రం పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆగదు. అందుకే వాడికి రేడియో అని పేరు. వెనక నడిచేవాడు ఇంటికప్పు మోసే దూలమంత మనిషి. వాడు రోజంతా మాట్లాడిన మాటలు పోగేస్తే గుప్పెడు కూడా ఉండవు.

"అందరూ గాజు మోస్తారు. దూలంగాడు గాజుతోపాటు రేడియోగాడి నోటిని కూడా మోస్తాడు" అనేవాడు కొట్టు యజమాని. అందరూ ఘొల్లున నవ్వేవాళ్ళు. దూలం కూడా నవ్వేవాడు.

ఆ నోరు లేకపోతే దూలం ఒక్క అడుగు వెయ్యలేడని నవ్వినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

చూపు అంచుల దగ్గర మొదలై లోపలికి తినుకుంటూ వచ్చింది. మొదట పక్కన నడిచేవాళ్ళు మాయమయ్యారు. తరవాత కాళ్ళ కింది నేల మాయమైంది. ఇప్పుడు ఎదురుగా తలుపు సందులోంచి చూసినంత వెలుగు మిగిలింది, అంతే; అందులో ఆకారాలేవీ తేలవు. కళ్ళ డాక్టరు చుక్కల మందు రాసిచ్చి, ఉన్నది నిలబడితే అదృష్టం అన్నాడు. కళ్ళు లేనివాడి చేతికి గాజు ఎవరిస్తారు? సంగతి బయటపడిన రోజే పని పోతుంది. పనితోపాటు కొట్టు వెనకాల ఇద్దరూ ఉంటున్న గది కూడా పోతుంది.

మానేస్తానని దూలం ఒకసారి అన్నాడు. "మానెయ్. నేనూ మానేస్తా. ఇద్దరం వెళ్ళి ఆ చౌరస్తాలో కూర్చుందాం. నువ్వు ఊరుకో, నేను వాగుతా. జనం వింత చూడ్డానికైనా వస్తారు" అన్నాడు రేడియో. మర్నాటి నుంచీ వాడి వాగుడు రెట్టింపయింది. గడపలు, మెట్లు, గుంటలు, ఎదురొచ్చే బళ్ళు, అన్నీ జోకుల్లో చుట్టి వెనక్కి అందించేవాడు. వినేవాళ్ళకి అది వాగుడు. దూలానికి అది చూపు.

ఆ మధ్య రేడియో గొంతు బొంగురుపోయింది. "జలుబు" అన్నాడు. జలుబు తగ్గలేదు.

ఒక సాయంత్రం రేడియో అక్క గదికి వచ్చింది. పక్క సందులో ఉంటుంది, బట్టలు కుడుతుంది, మొగుడు పోయినప్పటి నుంచి తమ్ముడికీ తమ్ముడి స్నేహితుడికీ తనే వండి పెడుతోంది. దూలం కళ్ళ సంగతి ఆమెకీ చెప్పలేదు. గదిలో ఏ వస్తువు ఎక్కడుందో దూలానికి కంఠతా వచ్చు. ఎప్పుడైనా చెంబు తన్నితే, ఒళ్ళు పెరిగింది గానీ నిదానం రాలేదని తిట్టి ఊరుకునేది.

"వాడు లేడుగా?" అంది గుమ్మంలోంచే.

"కొట్లో ఉన్నాడక్కా."

"తమ్ముడూ, నువ్వు వాడి నోరు మూయించాలి."

దూలం నవ్వాడు. "అది మీ అమ్మానాన్నల వల్లే కాలేదు."

"నవ్వకు!" ఆమె కసిరింది. "డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. వాడి గొంతులో కాయ ఉందట. ఆపరేషన్ అయ్యేదాకా ఒక్క ముక్క మాట్లాడకూడదన్నాడు. గుసగుస కూడా వద్దట. వీడేమన్నాడో తెలుసా? 'నాకింకా పెళ్ళి కాలేదు డాక్టరుగారూ, నోరు మూసుకునే అలవాటు లేదు' అన్నాడు. ఆయన నవ్వలేదు. ఇలాగే అరిస్తే ముందు మాట పోతుంది, తరవాత మనిషే దక్కడు అన్నాడు."

దూలం మంచం పట్టె పట్టుకున్నాడు. "నాకు చెప్పలేదే."

"నీకస్సలు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు. ఎందుకో మరి! ఇంట్లో వాగుడు ఆపించగలను. పనిలో ఎలా ఆపేది? గంతులేస్తూ అరుస్తూ మొయ్యాలా గాజు? మిగతావాళ్ళు నోరు మూసుకుని మొయ్యట్లేదూ? నీ మాటైతే వింటాడు. నీకు దండం పెడతాను."

ఆమె నిజంగానే దండం పెట్టిందేమో. దూలానికి అరచేతులు కలిసిన చప్పుడు వినిపించింది.

"మూయిస్తానక్కా" అన్నాడు.

ఆమె వెళ్ళింది. పని మానేస్తానంటే వాడూ మానేస్తాడు. అప్పుడు ఆపరేషన్‌కి డబ్బెక్కడిది? మానకపోతే వాడు అరుస్తాడు. అరిచి చస్తాడు. అటూ ఇటూ తిరిగిన ఆలోచన ఒక్కచోటికే వచ్చి ఆగింది. తనకి చూపు వచ్చిందని వాడు నమ్మాలి.

కాసేపటికి కిటికీ అవతల అక్క, తమ్ముడిని పట్టుకుని కడిగేయడం వినిపించింది. "రేపూ ఆ నీలం చొక్కాయే వేసుకో! పీలికలైన కాలరుతో ఊరేగు! గళ్ళచొక్కాకి బొత్తాలు కుట్టేదాకా ఆగలేవు కదా!"

దూలం ఆ మాట దాచుకున్నాడు.

తెల్లవారింది. రేడియో తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. దూలం గుమ్మంలో నిలబడి, వీలైనంత మామూలుగా అన్నాడు: "ఆ నీలం చొక్కా ఎందుకు తగిలించుకున్నావురా? కాలరు పీలికలైపోయింది."

నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"ఏమన్నావు?"

"చుక్కల మందు పట్టినట్టుంది. మొన్నటి నుంచి కాస్త తేటపడింది. గట్టిగా తెలిశాక చెబుదామని ఆగాను."

అడుగులు దగ్గరికొచ్చాయి. మొహం మీద గాలి కదిలింది. చెయ్యి ఎత్తాడన్నమాట. "ఎన్ని వేళ్ళు?"

ఇది తప్పితే అంతా తప్పినట్టే. ఇన్నేళ్ళ స్నేహంలో రేడియో ఏనాడైనా తిన్నగా ఒక ప్రశ్న అడిగాడా? వేళ్ళు ఎన్నని అడిగాడంటే వేళ్ళు చూపించి ఉండడు.

"వేళ్ళెక్కడివిరా, పిడికిలైతేనూ" అన్నాడు.

రేడియో కేక పెట్టాడు. ఎగిరి దూలం మెడ పట్టుకుని వేలాడాడు. తడి మొహం, సబ్బు వాసన.

"అయితే ఇక నోరు ముయ్యి" అన్నాడు దూలం. "అక్క అంతా చెప్పింది. ఆపరేషన్ అయ్యేదాకా నీ గొంతు వినబడితే పీక నేనే పిసుకుతా."

"అబ్బా..." రేడియో నేల మీద చతికిలబడ్డ చప్పుడైంది. "ఎన్నాళ్ళకి సెలవు దొరికిందిరా నా నోటికి!"

ఆ గొంతులో ఎంత హాయి ఉందంటే దూలానికి ఏడుపొచ్చింది. అవి రేడియో నోటి నుంచి అతను విన్న ఆఖరి మాటలు.

తరవాతి రోజులు దూలం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచాడు. ముందున్నవాడు మెట్టెక్కితే గాజు ముక్కు పైకి లేస్తుంది. పక్కకి తిరిగితే అరచేతిలో అంచు ఒరుసుకుంటుంది. మడమల చప్పుడు మారితే మట్టి పోయి బండలొచ్చాయని అర్థం. దూలం చెవులతో, అరచేతులతో నడిచాడు. ఒకసారి భుజం గోడకి గీసుకుపోతే తుమ్మినట్టు నటించాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయేది. తలుపు సందంత వెలుగు కూడా ఈ లోపల మూసుకుపోయింది. అది ఎవరికీ చెప్పలేదు. ఎవరికని చెబుతాడు?

"ఏంటి, రేడియోకి బ్యాటరీలు అయిపోయాయా?" అని కొట్లో ఒకటే హాస్యాలు. రేడియో చేతులు ఆడించి ఏవో సైగలు చేసేవాడు కాబోలు, జనం ఇంకా నవ్వేవాళ్ళు. దూలం ఆ నవ్వుని బట్టి వాడు ఎటు పక్క ఉన్నాడో తెలుసుకునేవాడు.

అప్పుడు వచ్చింది ఆ బట్టల దుకాణం పని. కొత్తగా కడుతున్న దుకాణం, మేడ మీద అడ్డంగా బిగించడానికి పెద్ద గాజు. యజమాని తనే బండిలో ముందు కూర్చుని వచ్చాడు. ఇంత పలక ఈ మధ్య ఎవరూ ఎత్తలేదు, పగిలితే మళ్ళీ దొరకదని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు.

లోపల తడి సున్నం వాసన. పైన ఎక్కడో గోడకి కన్నాలు వేసే మిషన్ చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. మెట్లు ఎక్కేటప్పుడు పొట్టివాడు పైన, పొడుగువాడు కింద. అప్పుడే గాజు తిన్నగా ఉంటుంది. ఎత్తారు.

మిషన్ రొదలో మడమలు వినిపించలేదు. దూలానికి మిగిలింది అరచేతులే. గాజు ముక్కు లేచింది, అతనూ లేచాడు. మెట్టు. మెట్టు. మెట్టు. గాజు ఆగింది, మెల్లగా తిరగసాగింది. మలుపన్నమాట. మలుపులో కిందివాడు బయటి పక్కకి విశాలంగా తిరగాలి, లేకపోతే పలక గోడకి తగులుతుంది. ఇదివరకు ఇక్కడ "బయటికి, ఇంకా బయటికి, చాలు" అనే మాట ఉండేది. దూలం బయటికి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. నడుముకి మెట్ల పక్క కమ్మీ తగిలితే ఆగుదామనుకున్నాడు. కమ్మీ తగల్లేదు. ఇంకో అడుగు కోసం కాలెత్తాడు.

గాజు అతని చేతుల్లోంచి ముందుకి ఊడిపోయింది.

తరవాత పేలినట్టు చప్పుడు.

గాజు మోసేవాడికి మొదటి రోజున నేర్పేది ఒక్కటే. పగిలితే చేతులు వదిలెయ్, రాయిలా ఉన్నచోటే ఉండు. పట్టుకోబోతే వేళ్ళు పోతాయి, పరిగెడితే పాదాలు పోతాయి. ఇది బుర్రకి కాదు, ఒంటికి పట్టిన పాఠం. దూలం ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి పెట్టి బిగుసుకుపోయాడు.

మిషన్ ఆగింది. గాజు ముక్కలు మెట్ల మీద జారుతూ దొర్లుతూ ఒక్కొక్కటే ఆగాయి. వాటిలో కొన్ని పక్కనుంచి జారిపోయి, చాలాసేపటికి, ఎక్కడో లోతున నేల మీద పడి పగిలాయి.

అప్పుడు అర్థమైంది దూలానికి, అక్కడ కమ్మీ లేదని. ఇంకా బిగించలేదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. కళ్ళున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు కదా.

"ఒరేయ్!" అన్నాడు.

జవాబు లేదు.

"ఒరేయ్ రేడియో! ఉన్నావా?"

జవాబు లేదు. తను కదలకూడదు. కదిలితే పక్కన గొయ్యి, ముందు గాజు. వాడు మాట్లాడలేడు. ఎదురుగా బతికే నిలబడ్డాడో, చచ్చి పడున్నాడో ఎలా తెలుస్తుంది?

"నేలని తన్నరా! దేన్నైనా కొట్టు! ఏదో ఒక చప్పుడు చెయ్యరా, నీకు పుణ్యముంటుంది!"

ఎక్కడో పైన టప్, టప్ మని చుక్కలు పడుతున్నాయి. నీళ్ళు కావు, నీళ్ళు అంత బరువుగా పడవు.

కింద యజమాని అరుస్తున్నాడు. పైనుంచి మిషన్ వాడు దిగి వచ్చాడు. "అయ్యగారూ! ఈ పొట్టాయన కావాలనే పగలగొట్టాడండీ! నేను చూశాను. పలకని ఆ పొడుగాయన చేతుల్లోంచి లాక్కుని, తన వైపు గోడకేసి బాదాడు. దానికి ముందు నోరు ఇంత తెరిచాడు గానీ మాటే రాలేదు. చెయ్యి చూడండి, చీరుకుపోయింది!"

"కావాలనా?" యజమాని మెట్లెక్కుతూ రొప్పుతున్నాడు. "నా అన్నం తిని, కావాలని పగలగొడతావురా? ఇన్నేళ్ళూ నెత్తిన పెట్టుకున్నందుకా? నిన్ను స్టేషన్లో కూర్చోబెట్టకపోతే చూడు! నోరు విప్పు! వాగి చస్తావుగా రోజూ, ఇప్పుడేమైంది?"

ఒక్క మాట చాలు, వాడు బయటపడతాడు. ఆ ఒక్క మాటతో ఇద్దరి బతుకూ రోడ్డున పడుతుంది. దూలం నిమిషం కూడా ఆలోచించలేదు.

"వాణ్ణి ఏమీ అనకండి. నాకు కళ్ళు కనబడవు."

"ఏంటీ?"

"కనబడవండీ. అసలేమీ కనబడవు. నేనిటు పడిపోతున్నానని వాడు పగలగొట్టాడు. పిలవడానికి వాడికి గొంతు లేదు. గొంతు ఎందుకు పోయిందంటే... ఇన్నాళ్ళూ నన్ను నడిపించి పోయింది. ముందు వాడి చేతికి గుడ్డ కట్టండి. తరవాత నన్నేం చేసినా చెయ్యండి."

యజమాని చిన్నగా, భయపడ్డ గొంతుతో అన్నాడు: "నీ చేతికా... ఇన్నాళ్ళూ నీ చేతికా నేను గాజు ఇచ్చింది?"

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. రేడియోకి కుట్లు వేశారు. పక్కన వాడి భుజం తగులుతోంది, ఆయింట్‌మెంటు వాసన వస్తోంది. అంతకుమించి వాడి గురించి దూలానికి ఏమీ తెలియదు. అరవబోయినప్పుడు వాడి గొంతులో ఏదో చిట్లిందట, ఇక ఆపరేషన్ చేసినా మాట సంగతి చెప్పలేమన్నాడట డాక్టరు. గుసగుస కూడా పోయింది.

అక్క పరుగున వచ్చింది. దూలం లేచి నిలబడి అంతా చెప్పేశాడు. కళ్ళు, అబద్ధం, నీలం చొక్కా, పిడికిలి.

"నేను వాడి నోరు మూయించమన్నాను. నిన్ను గొయ్యిలో దూకమన్నానా?" ఆమె రెండు చేతులతో దూలం గుండెల మీద గుద్దింది. "ఇద్దరికిద్దరే దొరికారు! ఒకడు చెప్పొద్దంటాడు, ఒకడు చెప్పడు. మధ్యలో నేనేం పాపం చేశాను?"

బెంచీ కిర్రుమంది. రేడియో లేచినట్టున్నాడు. చొక్కా చేతులు గాలిలో రెపరెపలాడుతున్న చప్పుడు.

"ఏంటక్కా? ఏమంటున్నాడు?"

"తిడుతున్నాడు."

"ఏమని?"

"నిన్ను... అది నేను అనకూడదు తమ్ముడూ. అది కూడా అనకూడదు. ఒరేయ్, నెమ్మదిగా, కుట్లూడతాయి! ఆఁ... ఎప్పటి నుంచి బొత్తిగా కనబడటం లేదని అడుగుతున్నాడు."

"నువ్వు మాట్లాడటం మానేసిన కొద్దిరోజులకే" అన్నాడు దూలం, అక్క వైపు కాదు, రెపరెపల వైపు తిరిగి. "చెబితే మళ్ళీ అరుస్తావని."

చప్పుళ్ళు ఆగిపోయాయి. ఎవరో రోగిని చక్రాల బల్ల మీద తోసుకుంటూ పోయారు.

"యజమాని కబురు పంపాడు" అన్నాడు దూలం. ఇందాకటి నుంచీ మనసులో పాఠంలా అనుకుంటున్న మాటలు. "అంచులు సానపట్టే బల్ల దగ్గర వీడికి చోటిస్తాడట. కూర్చుని చేసే పని, మాటలక్కర్లేదు. గది కూడా ఉంచుతాడు. నేను మాత్రం ఆ గుమ్మం తొక్కకూడదు. న్యాయమే కదా. నువ్వు ఒప్పుకోరా. నేనెక్కడో అక్కడ ఉంటాను. అక్కా, వీడికి చెప్పు."

"వాడికి చెవులున్నాయి, నువ్వే చెప్పావు" అంది అక్క.

"ఏమన్నాడు?"

ఆమె మాట్లాడలేదు.

"తలూపాడా? అడ్డంగా ఊపాడా? ఏదో ఒకటి చెప్పక్కా!"

"చెయ్యి చూపించాడు."

"అంటే?"

"కుడిచెయ్యి." ఆమె మాటలు ఒక్కొక్కటే ఊడి పడుతున్నాయి. "లోపల నరం తెగిందట. వేళ్ళు ముడుచుకోవట. చెంచా కూడా పట్టుకోలేడు, ఇక సాన ఎక్కడ పడతాడు? డాక్టరు వాడికి చెప్పాడు, నాకూ చెప్పాడు. నీకెలా చెప్పాలో తెలియక..."

దూలం బెంచీ మీద కూలబడ్డాడు. తను గొయ్యిలో పడి ఉంటే వీడికి ఆ కుడిచెయ్యి మిగిలేది. సాన బల్ల మిగిలేది. గది మిగిలేది. లెక్క చాలా తేలిక. కళ్ళు లేనివాడికి కూడా కనిపించే లెక్క.

"ఎందుకు పగలగొట్టావురా?" అన్నాడు. "వదిలెయ్యకపోయావా?"

చెంప ఛెళ్ళుమంది. ఎడమచేతి దెబ్బ, అలవాటు లేని చెయ్యి, సగం ముక్కు మీద పడింది. ఆ చెయ్యే వెంటనే అతని చొక్కా పట్టుకుని పైకి లాగింది. పుల్లలాంటి మనిషి, దూలాన్ని లేపాలని చూస్తున్నాడు.

దూలం లేచాడు.

ముగ్గురూ బయల్దేరారు. అక్క ముందు, వెనక వీళ్ళిద్దరూ. మొయ్యడానికి మధ్యలో ఏమీ లేదు. మనిషిని చేత్తో పట్టుకుని నడిపించడం రేడియోకి చేతకాదు. లాగితే మరీ లాగుతున్నాడు, లేకపోతే వదిలేస్తున్నాడు. వరండా చివర దూలం స్తంభాన్ని గుద్దుకున్నాడు. రెండు అడుగులు వేసి, ఖాళీ బకెట్టును తన్నాడు. అది దడదడలాడుతూ మెట్ల మీదుగా దొర్లిపోయింది. ఎవరో కసిరారు.

దూలం చొక్కా పట్టుకున్న చెయ్యి వణకడం మొదలుపెట్టింది. వణుకు భుజం దాకా పాకింది. చప్పుడు మాత్రం లేదు, ఊపిరి ఒక్కటే ఎగిరెగిరి పడుతోంది.

"అక్కా, వీడు నవ్వుతున్నాడా? ఏడుస్తున్నాడా?"

అక్క ఆగింది, వెనక్కి తిరిగినట్టుంది. చాలాసేపు చూసి ఉంటుంది.

"నాకూ తెలియట్లేదు తమ్ముడూ" అంది. "నడవండి."